బీరపువ్వు రంగు చీర

ఒక రాజ్యంలో రాణులు కట్టిన చీర మళ్ళీ కట్టేవారు కాదు.

అక్కడి ఆనవాయితీ అది. పొద్దున్నే కొత్త చీర కట్టాలి, సాయంత్రం విడిచెయ్యాలి. విడిచిన చీరని వత్తులామె వచ్చి పట్టుకుపోయేది. దాన్ని పేలికలు చేసి, వత్తులు పేని, కోటలో దీపాలన్నిటికీ వేసేది. కోట గోడలు మహా మందం. మిట్టమధ్యాహ్నం కూడా లోపల దీపాలు ఉండాల్సిందే. పట్టుచీరలైతే కాలేటప్పుడు కమురుకంపు కొడతాయని రాణులకి నూలు చీరలే నేసేవారు. అంచేత ఆ కోటలో వెలుగంతా వాళ్ళు విడిచిన చీరలదే.

మరి ఎవరైనా కట్టిన చీరే మళ్ళీ కడితే? ఆ చీరతోనే సింహద్వారం దాటి వెళ్ళిపోవాలి. గడప దాటాక ఇక వెనక్కి రావడం ఉండదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారయ్యా అని అడిగితే ఒక్కరికీ తెలీదు. పెట్టినాయన ఎప్పుడో పోయాడు, కట్టుబాటు మాత్రం గుండ్రాయిలా కూర్చుంది.

దాన్ని కాపాడే బాధ్యత ఇంట్లో పెద్దావిడది. ఈ కథ జరిగేనాటికి ఆ పెద్దావిడ రాజమాత. ఆవిడ కళ్ళు కళ్ళు కావు బాబూ! పప్పులో రాయి వంటవాడికంటే ముందు ఆవిడకి కనపడేది. పైగా ఆవిడ నోట అబద్ధం విన్నవాడు ఆ కోటలో లేడు. ఆ కళ్ళకీ, ఆ నోటికీ అందరూ హడలి చచ్చేవాళ్ళు.

అలాంటి ఇంటికి కోడలొచ్చింది.

రాజు వేటకని వెళ్ళి, జింకకి బదులు ఓ బుట్టెడు బీరకాయలూ, ఆ బీరపాదులు పెంచే పిల్లనీ వెంటబెట్టుకొచ్చాడు. "అమ్మా, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటాను" అన్నాడు. రాజమాత పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది. పిల్ల బీరపువ్వు రంగు చీర కట్టుకుని ఉంది. దానికి వంకాయ రంగు అంచు.

"ఇది చీరా, కూరగాయల తట్టా?" అంది రాజమాత.

"నాకు భలే ఇష్టమండీ ఇది. కట్టుకుంటే చాలు, ఎందుకో తెలీదు, నవ్వొస్తుంది" అంది పిల్ల. అని ఊరుకుందా, అంతమంది ముందూ పకపకా నవ్వేసింది కూడా. రాజు వెర్రిమొహం వేసుకుని తనూ నవ్వాడు. పెళ్ళయిపోయింది.

ఆ సాయంత్రం వత్తులామె వచ్చి గుమ్మం ముందు చెయ్యి చాపింది. సంగతి చెప్పగానే కోడలు ముందు నమ్మలేదు. నమ్మాక చీర మార్చుకుని, విడిచినదాన్ని మడతపెట్టి ఇచ్చి, ఘొల్లున ఏడ్చింది. గుర్రాలశాలలో గుర్రాలు దాణా మానేసి చెవులు నిక్కించాయిట. "చీర కోసం ఏడుస్తారుటే ఎవరైనా?" అంది రాజమాత. వెక్కిరింపు కాదది. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

మర్నాడు కొలువుకి కోడలు వచ్చింది. బీరపువ్వు రంగు చీర! వంకాయ రంగు అంచు!

కొలువు కొలువంతా నోరెళ్ళబెట్టింది. రాజు సింహాసనంలోంచి జారిపడబోయి నిలదొక్కుకున్నాడు. రాజమాత లేచి నిలబడింది. "దొరికావే! ఒక్క రోజైనా నిలవలేకపోయావు."

"సరిగ్గా చూడండి అత్తయ్యగారూ" అంది కోడలు. "నిన్నటి అంచు ఉత్తదే. ఇవాళ్టి అంచులో నువ్వుగింజంత చుక్కలున్నాయి. రాత్రంతా కూర్చుని నేసిపెట్టాడు పాపం కోట నేతగాడు."

రాజమాత వంగి చూసింది. చుక్కలున్నాయి.

"కట్టిన చీర మళ్ళీ కట్టకూడదన్నారు, సరే. కట్టినలాంటిది కట్టకూడదని ఎవరూ అనలేదుగా?" అంది కోడలు.

అనలేదు మరి. రాజమాత ఆ చుక్కలకేసి ఇంకోసారి చూసి, పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. "ఎన్నాళ్ళు తప్పించుకుంటుందో నేనూ చూస్తాను" అనుకుంది.

చూసింది. ఆ మర్నాడు చుక్కల బదులు అంచు మీద సన్న గీత వచ్చింది. తర్వాత ఒళ్ళంతా చిన్న గళ్ళు. తర్వాత పెద్ద గళ్ళు. ఒకరోజు అంచు జానెడయింది, ఇంకోరోజు వేలెడు. పమిట కొంగున చారలు, చారల మధ్య మిరపగింజలు, మిరపగింజల్లో ఒక్కటి మాత్రం తలకిందులు. ఒకరోజు ఏ తేడా కనపడక అందరూ తలలు పట్టుకుంటే, కుచ్చిళ్ళ లోపలి మడతలో ఒకే ఒక్క ఆకుపచ్చ పోగు బయటపడింది. అయితే ఏ రోజైనా ఆ చీర బీరపువ్వు రంగే, ఆ అంచు వంకాయ రంగే, ఆ మొహాన నవ్వు నవ్వే.

క్రమంగా ఇదొక వేడుకైపోయింది. పొద్దున్నే కోడలు కొలువు మధ్యకొచ్చి గిర్రున ఓసారి తిరిగేది. అందరూ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని వెతికేవాళ్ళు. చూడ్డమే, ముట్టుకోవడం మాత్రం కుదరదు. రాణి ఒంటిమీదున్న చీర ఇంకొకరు ముట్టుకోవడం తప్పు. సేనాపతి అంతటివాడు దూరంనుంచే నేలమీద బోర్లాపడి కింది అంచు పరీక్షించేవాడు. మంత్రి రెండు వేళ్ళు గుండ్రంగా చుట్టి కంటికి ఆనించుకునేవాడు. తేడా పట్టినవాడికి ఆ పూట బూరెలు. ఆఖరి తీర్పు మాత్రం రాజమాతది. అందరూ ఓడిపోయాక ఆవిడ మెల్లిగా లేచి, "ఎడంవైపు, మూడో గడిలో" అనేది. కొలువంతా ఓహో అని అరిచేది.

ఒకరోజు పొరుగుదేశపు రాయబారి మీసాలు మెలేసుకుంటూ వచ్చాడు. యుద్ధం ప్రకటించడానికి వచ్చాడు లెండి. వచ్చేసరికి ఎవరూ అతన్ని పట్టించుకోలేదు, అందరూ కొంగున నేసిన బీరపిందెలకేసి చూస్తున్నారు. కాసేపు ఒంటరిగా నిలబడి, ఉండబట్టలేక తనూ చూశాడు. "అదిగో! ఆ పిందె తొడిమ వంకరగా ఉంది!" అని గావుకేక పెట్టాడు. నిజమే, ఉంది. జనం అతన్ని భుజాలమీద ఎత్తుకుని ఊరేగించారు, బూరెలు తినిపించారు. పాపం, యుద్ధం సంగతి మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

చూడ్డం అలవాటైతే ఊరుకుంటుందా? మంత్రిగారికి ఆయన భార్య గడ్డం కింద పుట్టుమచ్చ ఉన్నట్టు తెలిసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి! ద్వారం దగ్గర కాపలావాళ్ళిద్దరూ కవలలు కారనీ, అసలు ఒక ఊరివాళ్ళే కారనీ రాజు కనిపెట్టాడు. వంటవాడు తన వంట తనే రుచి చూసుకుని, కొలువుకొచ్చి క్షమించమని అడిగాడు. కోటలో ఎక్కడ విన్నా నవ్వులే.

రాజమాత సంగతి చెప్పాలి. ఆవిడ పైకి రుసరుసలాడుతూనే ఉండేది. "ఎప్పుడో ఒకప్పుడు దొరక్కపోదు, దొరికిన రోజున గడప దాటిస్తాను" అని పళ్ళు నూరేది. కానీ తెల్లవారకుండానే లేచి కూర్చునేది. కళ్ళలో చల్లటి నీళ్ళు చల్లుకునేది. "ఇంకా కొలువు వేళ కాలేదుటే?" అని దాసీల ప్రాణాలు తోడేసేది. తేడా పట్టిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తినేది. ముసలావిడ బుగ్గలమీదికి రంగొచ్చిందని అందరూ చెవులు కొరుక్కున్నారు.

అలాంటి ఒక రోజున, కొలువు ముగిసి అందరూ నవ్వుకుంటూ లేస్తుంటే, ఆవిడకి సరదా పుట్టింది. తనూ మధ్యకొచ్చి నిలబడింది. "నా చీర ఎవడూ చూడడేమర్రా? చెప్పండి, నిన్నటికీ ఇవాళ్టికీ నా చీరలో తేడా ఏమిటి?"

 ఆవిడ రోజుకో రంగు కట్టేది, రోజుకో నేత. నిన్నటిది ఏమిటో ఎవరికి గుర్తుంటుంది?

"నీలం అనుకుంటా" అన్నాడు సేనాపతి.

"ఎరుపేమోనండీ" అన్నాడు మంత్రి.

"ఏడిశారు! ఇంతింత కళ్ళున్నాయి, దేనికీ? నిన్న నేను కట్టింది..." అని ఆగిపోయింది రాజమాత. కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. కోడలి చీరలు మొదటిరోజు చుక్కల దగ్గర్నుంచి వరసగా కళ్ళముందు తిరుగుతున్నాయి. తన చీర ఒక్కటీ గుర్తురావడం లేదు. నిన్నటిది రాలేదు, మొన్నటిది రాలేదు, పెళ్ళినాటిది రాలేదు.

 ఆవిడకి భయం వేసింది, నిజం చెప్పాలంటే. "సరే సరే, పనులు చూసుకోండి" అని కసిరి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా ఉండగా ఒక పొద్దున కోడలు కొలువుకొచ్చి గిర్రున తిరిగింది. రోజూకంటే కాస్త మెల్లిగా తిరిగింది. సేనాపతి బోర్లాపడ్డాడు, మంత్రి వేళ్ళు గుండ్రంగా చుట్టాడు. గళ్ళు నిన్నటి గళ్ళే. అంచు నిన్నటి అంచే. కొంగున నాలుగు చారలు, నిన్నా నాలుగే. పొద్దెక్కింది. తేడా దొరకలేదు. "ఇవాళ భలే దాచారండోయ్!" అని అందరూ తెగ సంబరపడిపోతున్నారు. ఆఖరికి చేతులెత్తేసి, రాజమాత వైపు తిరిగారు.

రాజమాత ముందే చూసేసింది. కోడలు గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే చూసింది. రెండో చారలో నిన్న ఒక పోగు ముడిపడి ఉంది. ఆ ముడి ఇవాళా అక్కడే ఉంది. అలాంటి చీర కాదది, ఆ చీరే.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రోజు వచ్చింది. గెలిచింది. అయితే గుండెల్లో రాయిపడ్డట్టు ఉందేం? రేపటినుంచి పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? ఎవరికేసి చూడాలి? ఈ పిల్ల వెళ్ళిపోతే, ఈ కొలువులో మళ్ళీ ఎవరూ ఎవరినీ చూడరు. పాడు పిల్ల! ఎందుకు చేసిందిలాగ?

"చెప్పమ్మా, తేడా ఎక్కడ?" అన్నాడు రాజు నవ్వుతూ.

ఒక్క మాట. అంచులోనో, మడతలోనో ఏదో ఉందంటే చాలు, ఆవిడ మాటకి ఎదురులేదు. ఆవిడ నోటికి అబద్ధం అలవాటు లేదు. ఇవాళ అలవాటు చేద్దామనే నోరు తెరిచింది. తీరా తెరిచాక నిజమే వచ్చింది.

"తేడా లేదు. నిన్నటి చీరే."

 రాజు మొహం పాలిపోయింది. "ఏమిటిది?" అన్నాడు భార్యతో.

"నిన్న సాయంత్రం విడవబుద్ధి పుట్టలేదండీ" అంది కోడలు. "ఎన్ని చీరలు కట్టాను, అన్నీ దీనిలాంటివే. ఇది మాత్రం ఎందుకో సరిగ్గా కుదిరింది. దుప్పటి చింపి వత్తులకిచ్చి, దీనితోనే పడుకున్నాను. పొద్దున లేచాక కూడా మార్చుకోబుద్ధి కాలేదు. తప్పేనండీ, తెలుసు." ఆ చెప్పడంలో ఏడుపు లేదు. తప్పు చేసినందుకు బాధగానూ ఉంది, ఆ చీర ఒంటిమీద ఉన్నందుకు సంతోషంగానూ ఉంది, రెండూ మొహంలో కనపడుతున్నాయి.

రాజు తల్లికేసి చూశాడు. "అమ్మా, నువ్వు కాదంటే..."

"కాదనడానికి నేనెవర్నిరా? అందరికీ ఉన్న కట్టుబాటే" అంది రాజమాత. 

కోడలు అత్తగారికి దణ్ణం పెట్టి సింహద్వారం వైపు నడిచింది. వెనకాల రాజు, ఆ వెనకాల కొలువంతా. వాళ్ళందరికంటే ముందు, కోడలి వెనకే రాజమాత నడుస్తోంది, గడప దాటించే బాధ్యత ఆవిడదే కదా. కాపలావాళ్ళు తలుపులు బార్లా తెరిచారు. ఎండా, గాలీ ఒక్కసారిగా లోపలికొచ్చాయి. కోడలు గడప మీదికి కాలెత్తింది.

గాలికి ఆ చీర కొంగు ఎగిరి వచ్చి రాజమాత మొహాన పడింది.

రాజమాత దాన్ని తోసెయ్యబోయి, తొయ్యలేదు. అలాగే పట్టుకుంది. బుగ్గకి ఆనించుకుంది. తప్పని కూడా గుర్తులేదావిడకి.

"ఆగవే!" అని ఒక్క అరుపు అరిచింది. "కాలు దించకు! ఉంది! తేడా ఉంది!"

"ఎక్కడమ్మా? ఏ అంచులో?" అని అందరూ మీద పడ్డారు.

"అంచులో కాదర్రా. మెత్తగా ఉంది!"

ఎవరికీ బోధపడలేదు. ఎలా బోధపడుతుంది? ఆ కోటలో రాణుల ఒంటిమీదికి వచ్చిన ప్రతి చీరా మగ్గం దిగిందే. గంజితో కరకరలాడుతూ వచ్చేది, మెడ దగ్గర గీరుకునేది, నడుము దగ్గర ఒరుసుకునేది. సాయంత్రానికి కాస్త ఒంటికి అలవాటు పడబోయేసరికి, వత్తులామె చెయ్యి చాపేది. పసితనంలోనే పెళ్ళయి ఆ కోటకొచ్చిన రాజమాత, చీరంటే గరగరలాడేదే అనుకుంది. మెత్తబడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"నిన్నటిది ఇంత మెత్తగా ఉండడానికి వీల్లేదు. నిన్నటిది కొత్తది, ఇది కట్టినది. రెండూ ఒకటెలా అవుతాయిరా? ముట్టుకు చూడండి, నేను చెబుతున్నాను, ముట్టుకోండి!"

మంత్రి భయపడుతూ వేలితో ముట్టుకున్నాడు. "అవునండోయ్!" అన్నాడు. సేనాపతి ముట్టుకున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేతగాడిని పిలిచి మగ్గం మీది కొత్త గుడ్డ తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. తేడా గుడ్డివాడికి కూడా తెలిసేంత ఉంది. రాజు ఎగిరి గంతేశాడు. కోడలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, ఒంటికాలి మీద ఊగుతూ, "దించనా అత్తయ్యగారూ? ఎటు దించను?" అని అడిగింది.

"లోపలికే దించు, పీడ పిల్లా!" అని రాజమాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆవిడ నవ్వగా చూడనివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కాపలావాళ్ళూ నవ్వారు, నేతగాడూ నవ్వాడు, ఎవరెందుకు నవ్వుతున్నారో తెలీకుండా అందరూ నవ్వారు.

ఆ నవ్వులోనే రాజమాత వత్తులామె వైపు తిరిగింది. "ఏమే, నా నిన్నటి చీర పట్టుకురా. నేనూ కట్టుకుంటాను!"

వత్తులామె నేల చూపులు చూసింది. "దీపాల్లో ఉందమ్మగారూ."

"పోనీ మొన్నటిది?"

"అది కాలిపోయిందమ్మగారూ."

"అంతకుముందువి? ఏదో ఒకటి. ఒక్కటైనా మిగిలి ఉండదుటే?"

వత్తులామె తలెత్తలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవిడ జీవితమంతా కట్టిన చీరలు ఎన్నో, అన్నీ వెలిగి ఆరిపోయినవే. కోడలు వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ ముసలి చెయ్యి చల్లగా ఉంది.

"ఇవాళ్టిది?" అని అడిగింది రాజమాత.

"అది మీ ఒంటిమీదే ఉంది కదమ్మగారూ" అంది వత్తులామె.

రాజమాత వంగి తన చీర చూసుకుంది. మునగపువ్వు తెలుపు, దానికి దొండపండు రంగు అంచు. పొద్దున్నించీ కట్టుకునే ఉంది, ఇప్పుడే చూస్తోంది. కొంగు రెండు చుట్లు చుట్టి, నడుములో గట్టిగా దోపుకుంది.

సాయంత్రం అలవాటు ప్రకారం వత్తులామె ఆవిడ గుమ్మం ముందుకొచ్చి తలుపు తట్టింది. లోపల్నుంచి గడియ పడిన చప్పుడయింది. ఆ వెంటనే ఇద్దరు ఆడవాళ్ళ కిసకిసలు.

"అమ్మగారూ, దీపాల వేళ దాటిపోతోంది!"

"దాటనీ!"

కోటలో దీపాలు ఒక్కొక్కటే కొడిగట్టి ఆరిపోయాయి. సేనాపతి మంత్రిని ఢీకొట్టాడు, మంత్రి వంటవాణ్ణి ఢీకొట్టాడు, నడవా పొడుగునా ఎవరెవరో తడుముకుంటూ నవ్వుకుంటున్నారు. గదిలో రాజమాత చీకట్లో కాళ్ళు చాపుకు కూర్చుని, తన చీర కొంగు వేళ్ళతో నలుపుతోంది. అది ఇంకా గరగరలాడుతూనే ఉంది.

"రేపటికి మెత్తబడుతుందిటే?" అని అడిగింది.

"రేపటికి కొంచెం, అత్తయ్యా" అంది కోడలు. "ఎల్లుండికి ఇంకొంచెం."